రగ్బీలో మీ బ్యాక్స్‌ని ఆపడం కష్టమయ్యేలా ఎలా తయారు చేయాలి

"మా బ్యాక్స్‌లో స్పీడ్ ఉంది. పాస్‌లూ బాగానే వేస్తారు. కానీ బంతి వింగర్ చేతికి వచ్చేసరికి అతని ముందు ఇద్దరు నిలబడి ఉంటారు. ఎక్కడ తప్పు జరుగుతోంది?" కొత్తగా జట్టును నడిపించే కోచ్‌లు, కెప్టెన్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. బ్యాక్స్ అంటే ఫార్వర్డ్స్ వెనక నిలబడి బంతిని చేతులు మార్చుకుంటూ దాడి చేసే ఏడుగురు. వాళ్లలో చివర, పక్క గీత (టచ్‌లైన్) దగ్గర ఉండేవాడు వింగర్.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. మీవాళ్లు ఏం చేయబోతున్నారో డిఫెండర్‌కి చాలా ముందే తెలిసిపోతోంది. 1995 వరల్డ్ కప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ వింగర్ జోనా లోము ఇంగ్లండ్ మీద 4 ట్రైలు (ఎదుటివాళ్ల ట్రై లైన్ దాటి బంతిని నేలకి ఆనించి చేసే స్కోరు) చేశాడు. 2019 ఫైనల్లో అదే ఇంగ్లండ్ మీద దక్షిణాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బీ ఒక్క సైడ్‌స్టెప్‌తో ఓవెన్ ఫారెల్‌ని దాటేసి ట్రై చేశాడు. లోము భారీ మనిషి. కోల్బీ రగ్బీ లెక్కల్లో బాగా చిన్నవాడు. అయినా ఇద్దరి ఎదుటా నిలబడ్డవాడికి కష్టం ఒక్కటే. లోము గుద్దుకుంటూ మీదకి వస్తాడా, పక్కనుంచి దూసుకుపోతాడా? కోల్బీ లోపలికి తిరుగుతాడా, బయటికి తిరుగుతాడా? చివరి అడుగు దాకా తెలియదు. మీ ఏడుగురు బ్యాక్స్ కలిసి ఎదుటివాళ్లని ఈ సందేహంలో పడేయాలి. కింద చెప్పే ప్రతి స్టెప్ దానికోసమే.

కావలసినవి

- కనీసం 7 లేదా 8 మంది ఆటగాళ్లు. నలుగురే ఉన్నా 4వ స్టెప్ వరకు చేసుకోవచ్చు.
- 3 లేదా 4 బంతులు. పెద్దవాళ్లకి 5వ సైజు.
- 12 కోన్స్. లేకపోతే నీళ్ల బాటిళ్లు, బ్యాగులు పెట్టినా సరిపోతుంది.
- 15 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు ఉన్న చోటు. చివరి స్టెప్‌లకి సగం గ్రౌండ్ కావాలి.
- అందరికీ మౌత్‌గార్డ్.
- వీడియో తీయడానికి ఒక ఫోన్. ఇది తప్పకుండా ఉండాలి. ఎందుకో చివర్లో చూస్తారు.

టాకిల్ (బంతి ఉన్నవాడిని పట్టి పడేయడం) ప్యాడ్లు లేకపోతే రెండు చేతులతో తాకితే టాకిల్ అయినట్టు లెక్కపెట్టుకోండి. నిజానికి మొదటి వారాల్లో ఈ పద్ధతే మేలు. దెబ్బ తగులుతుందన్న భయం లేనప్పుడు ఆటగాళ్లు తల ఎత్తి చూడటం నేర్చుకుంటారు.

1. ఖాళీ ఎక్కడ దొరుకుతుందో ముందు తెలుసుకోండి

స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్స్, అంటే బరువైన ముందువరస ఆటగాళ్లు, భుజాలు కలిపి నెట్టుకోవడం) జరుగుతున్నప్పుడు దాని పక్కనే ఉండే స్క్రమ్ హాఫ్ తప్ప మిగతా బ్యాక్స్ అందరూ తమ స్క్రమ్‌లో చివరి కాలికి 5 మీటర్లు వెనక ఉండాలి. లైనవుట్‌లో (బంతి టచ్‌లైన్ దాటాక దాన్ని రెండు జట్ల ఫార్వర్డ్స్ మధ్యకి విసరడం) అయితే అందులో పాల్గొననివాళ్లు 10 మీటర్లు వెనక ఉండాలి. రెండు జట్లకీ ఇదే రూల్ కాబట్టి లైనవుట్ నుంచి బంతి బయటికి వచ్చినప్పుడు రెండు వరసల మధ్య సుమారు 20 మీటర్ల ఖాళీ ఉంటుంది. రక్ దగ్గర, అంటే టాకిల్ తర్వాత నేల మీదున్న బంతి కోసం రెండు జట్లవాళ్లు నెట్టుకునే చోట, అంత సుఖం లేదు. ఆఫ్‌సైడ్ గీత రక్‌లో చివరి కాలి దగ్గరే ఉంటుంది కాబట్టి డిఫెండర్లు మీ ముక్కు ముందే ఉంటారు.

అందుకే ముందే అనుకున్న మూవ్స్ స్క్రమ్, లైనవుట్‌ల నుంచి వాడండి. స్క్రమ్‌లో రెండు వైపులా ఎనిమిదేసి మంది ఫార్వర్డ్స్ ఇరుక్కుని ఉంటారు. దాదాపు 70 మీటర్ల వెడల్పున్న గ్రౌండ్‌ని కాపాడటానికి ఎదుటి జట్టుకి మిగిలేది ఏడుగురు. అందులోనూ కిక్ వస్తుందన్న భయంతో ఫుల్‌బ్యాక్, ఒక్కోసారి వింగర్ కూడా వెనక్కి వెళ్తారు. అంటే ముందు వరసలో ఉండేది ఐదారుగురే. మీ ఆటగాళ్లు బంతి రాకముందే ఈ లెక్క చూసుకోవాలి.

ఎదుటివాళ్ల చేతిలోంచి బంతి మీకు చిక్కిన క్షణం వీటన్నిటికన్నా మంచిది. అప్పుడు వాళ్లు దాడికి నిలబడి ఉంటారు, డిఫెన్స్‌కి కాదు. ఆ సమయంలో మూవ్ గురించి ఆలోచించకండి. రెండు పాస్‌లతో బంతిని ఆ గుంపుకి దూరంగా పంపించండి.

2. వెనక నిలబడండి, పరిగెడుతూ బంతి అందుకోండి

నిలబడి బంతి పట్టుకున్నవాడి గురించి ఏ డిఫెండరూ భయపడడు. పక్కవాడికన్నా 4, 5 అడుగులు వెనక నుంచి మొదలుపెట్టండి. పాస్ ఇచ్చేవాడి చేతికి బంతి చేరాక బయల్దేరితే, మీకు బంతి వచ్చేసరికి మంచి వేగంలో ఉంటారు.

ఈ దూరం ఎప్పుడూ ఒకేలా ఉండకూడదు. ఎదుటివాళ్లు వేగంగా మీదకి ఉరికే రకమైతే, అంటే బ్లిట్జ్ డిఫెన్స్ ఆడితే, ఇంకో రెండు మూడు అడుగులు వెనక్కి వెళ్లండి. వాళ్లు పక్కకి జరుగుతూ మిమ్మల్ని టచ్‌లైన్ వైపు నెట్టే రకమైతే, అంటే డ్రిఫ్ట్ ఆడితే, కాస్త ముందుకి రండి.

సాధారణంగా జరిగే తప్పు: ఆత్రంగా ముందే బయల్దేరి, బంతి వచ్చే వేళకి ఆగిపోవడం. ఇది స్పీడ్ ఉన్నవాళ్లే ఎక్కువగా చేస్తారు. వాళ్లని ఇంకా వెనక నిలబెట్టండి, ఆలస్యంగా కదలమనండి.

3. కాళ్లు ముందుకి, బంతి పక్కకి

ట్రైలు రాకపోవడానికి నేను చూసిన కారణాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది. ఫ్లై హాఫ్ (స్క్రమ్ హాఫ్ నుంచి సాధారణంగా మొదట బంతి అందుకునేవాడు) బంతి పట్టుకుని ఏటవాలుగా పక్కకి పరిగెడతాడు. అతని పక్కనున్న సెంటర్‌కి చోటు లేక అతనూ పక్కకి జరుగుతాడు. చివరికి వింగర్‌కి మిగిలేది టచ్‌లైన్ పక్కన రెండు మీటర్లు. డిఫెండర్లు ఏమీ చేయనక్కర్లేదు, మీతోపాటు పక్కకి జరిగితే చాలు. ఆ పైన టచ్‌లైన్ కూడా వాళ్ల తరఫున ఆడుతుంది.

ఎదురుగా ఉన్నవాడి వైపు మీరు నేరుగా పరిగెత్తితే అతను కదలలేడు. కదిలితే మీరు ఆ సందులోంచి వెళ్లిపోతారు. అతను ఆగితే మీ బయట ఉన్నవాళ్లకి చోటు మిగులుతుంది.

ఇలా ప్రాక్టీస్ చేయండి. 15 మీటర్ల వెడల్పులో కోన్స్‌తో నాలుగు సన్నని దారులు వేయండి. ఒక్కో దారిలో ఒక్కొక్కరు. బంతి చివరిదాకా వెళ్లి వెనక్కి రావాలి, ఎవరూ తమ దారి దాటకూడదు. డిఫెండర్లు వద్దు. మూడు విషయాలు చూడండి:

- బంతి రాకముందే చేతులు పైకి లేచి పాస్ ఇచ్చేవాడి వైపు ఉన్నాయా?
- పాస్ ఇచ్చేటప్పుడు కాళ్లు, తుంటి ట్రై లైన్ వైపే ఉన్నాయా? తిరగాల్సింది భుజాలు, చేతులు మాత్రమే.
- పాస్ అందుకునేవాడి ముందుకి, ఛాతీ ఎత్తులో వెళ్తోందా? వెనక్కి పడితే అతను ఆగాలి. అక్కడితో వేగం పోయినట్టే.

పాస్ చేతుల్లోంచి ముందుకి వెళ్లకూడదన్నది మీకు తెలిసిందే. ఆ భయంతో కొందరు బాగా వెనక్కి వేస్తారు. అందుకునేవాడు తగినంత వెనక నుంచి వస్తుంటే ఈ సమస్య రాదు. మళ్లీ 2వ స్టెప్ చూసుకోండి.

ఇది విసుగు పుట్టించే ప్రాక్టీసే. అయినా ప్రతి సెషన్‌లో మొదటి పది నిమిషాలు దీనికే ఇవ్వండి.

4. డిఫెండర్‌ని కట్టిపడేశాకే పాస్ ఇవ్వండి

రగ్బీలో బ్యాక్స్ ఆట మొత్తం ఇద్దరు, వాళ్ల ఎదురుగా ఒక్కడు అన్న చిన్న ఆటలో ఇమిడి ఉంది. దీనిమీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు.

10 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు ఉన్న చోట ఒక డిఫెండర్, ఎదురుగా ఇద్దరు. బంతి ఉన్నవాడు ఇలా చేయాలి:

- బంతిని రెండు చేతుల్లో పట్టుకోవాలి. ఒక చంకలో పెట్టుకున్నాడంటే పాస్ రాదని డిఫెండర్‌కి చెప్పేసినట్టే.
- డిఫెండర్ లోపలి భుజం వైపు పరిగెత్తాలి. మీ తోటివాడికి దూరంగా ఉన్న భుజమే లోపలి భుజం. అప్పుడు డిఫెండర్ తుంటి మీ వైపు తిరుగుతుంది. ఒకసారి తిరిగాక మళ్లీ బయటికి తిరిగి మీ తోటివాడిని అందుకోవడం చాలా కష్టం.
- కళ్లు డిఫెండర్ మీదే ఉండాలి. తోటివాడు ఎక్కడున్నాడో ముందే ఒకసారి చూసి పెట్టుకోండి.
- డిఫెండర్ మీ కోసం కాలు వేసిన క్షణాన పాస్. దూరంలో చెప్పాలంటే సుమారు 2, 3 మీటర్లు ఉండగా. ఇద్దరూ వేగంగా వస్తుంటే ఇంకాస్త ముందే.

డిఫెండర్ మీ వైపు రాకుండా మీ తోటివాడి వైపే జరిగిపోతే పాస్ ఇవ్వకండి. పాస్ ఇస్తున్నట్టు చేతులు ఊపి మీరే వెళ్లిపోండి. అతను ఎటూ తేల్చుకోక వెనక్కి వెనక్కి వెళ్తుంటే వేగం పెంచి మీదకి వెళ్లండి, తేల్చుకోక తప్పదు.

పాస్ ముందే ఇచ్చారా, ఆలస్యంగా ఇచ్చారా అన్నది తెలుసుకోవడం తేలిక. మీ పాస్ తర్వాత అదే డిఫెండర్ వెళ్లి మీ తోటివాడిని పట్టుకుంటే ముందే ఇచ్చినట్టు. డిఫెండర్ చెయ్యి బంతికి తగిలిందంటే ఆలస్యం. పాస్ వెళ్లాక అతను మీ మీదే పడి ఉండి, మీ తోటివాడు ఎవరూ తాకకుండా గీత దాటితే సరిగ్గా ఇచ్చినట్టు.

పదిసార్లలో ఎనిమిదిసార్లు ట్రై వచ్చేదాకా డిఫెండర్లని పెంచకండి. తర్వాత ముగ్గురికి ఇద్దరు, ఆ తర్వాత నలుగురికి ముగ్గురు. డిఫెండర్లు ఎప్పుడూ ఒకే చోట నుంచి మొదలవకూడదు. ఒకసారి ఎడమ మూల నుంచి, ఒకసారి వెనక నుంచి రమ్మనండి.

సెవెన్స్ ఆడేవాళ్లకి ఈ స్టెప్ మరీ ముఖ్యం. అదే పెద్ద గ్రౌండ్‌లో ఏడుగురే ఉంటారు కాబట్టి ఒక్క డిఫెండర్‌ని కట్టిపడేస్తే అతని వెనక కాపాడేవాడు ఉండడు.

5. పరుగు దారిని చివర్లో మార్చండి

ఇప్పుడు బంతి అందుకునేవాడి పని. మొదట ఒక దారిలో పరిగెత్తాలి. పాస్ ఇచ్చేవాడు చేతులు కదిపే సమయానికి, అంటే చివరి మూడు నాలుగు అడుగుల్లో, దారి మార్చాలి. బయటికి వెళ్తున్నట్టు కనిపించి లోపలికి కోసుకు రావడం ఒకటి. లోపలికి వస్తున్నట్టు కనిపించి బయటికి వంగడం రెండోది. రెండూ నేర్పండి. ఒక్కటే వస్తే రెండో మ్యాచ్‌కి ఎదుటివాళ్లు కనిపెట్టేస్తారు.

గురి మనిషి మీద కాకుండా ఇద్దరి మధ్య సందు మీద ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకడు బరువైన ఫార్వర్డ్ అయితే ఇంకా మంచిది. రక్ నుంచి లెక్కపెడితే మూడో, నాలుగో డిఫెండర్ దగ్గర ఇలాంటి సందు తరచుగా దొరుకుతుంది.

దారి ముందే మార్చేయడం అందరూ చేసే తప్పు. అలా చేస్తే డిఫెండర్‌కి సర్దుకునే సమయం దొరుకుతుంది. దారి మార్చాక వేగం పెంచకపోవడం రెండో తప్పు.

సైడ్‌స్టెప్‌కీ ఇదే నియమం. డిఫెండర్‌కి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో అడుగులు చిన్నవి చేయండి. వెళ్లకూడదనుకున్న వైపు కాలు గట్టిగా నేలకి తన్ని రెండో వైపు దూకండి. ఆ తర్వాతి మూడు అడుగులు పూర్తి వేగంతో పడాలి. 1973లో కార్డిఫ్‌లో న్యూజిలాండ్ మీద బార్బేరియన్స్ చేసిన ప్రసిద్ధ ట్రై వీడియో దొరికితే చూడండి. తన ట్రై లైన్‌కి దగ్గర్లో ఫిల్ బెన్నెట్ వేసిన సైడ్‌స్టెప్‌లతోనే అది మొదలైంది. అతని కాళ్ల కన్నా, మీదకి వచ్చేవాళ్ల కాళ్లు గమనించండి. వాళ్లు ఆగలేని వేగంలో ఉన్నప్పుడే అతను తిరిగాడు.

హెచ్చరిక: కొత్తవాళ్లు తడి గడ్డి మీద పూర్తి వేగంతో దీన్ని ప్రయత్నించకూడదు. మోకాలు మెలిపడుతుంది. నడక, తర్వాత సగం వేగం, ఆ తర్వాతే పూర్తి వేగం.

6. రెండు మూవ్స్ చాలు, కానీ ఒక్కోదానికి జంట ఉండాలి

పది మూవ్స్ రాసి ఇచ్చే కోచ్‌లతో నేను ఏకీభవించను. మ్యాచ్ టెన్షన్‌లో అవి గుర్తుండవు. రెండు నేర్పండి. ఒక్కోదానికి, చూడటానికి అచ్చం అలాగే ఉండి వేరేలా ముగిసే జంట నేర్పండి.

మొదటిది స్విచ్. బంతి ఉన్నవాడు బయటికి పరిగెడుతుంటే తోటివాడు అతని వెనకగా లోపలికి కోసుకొచ్చి బంతి తీసుకుంటాడు. బంతి ఇస్తున్నట్టు చూపించి తన దగ్గరే ఉంచుకోవడం దీని జంట. డ్రిఫ్ట్ ఆడే జట్ల మీద ఇది బాగా పనిచేస్తుంది. పక్కకి జరుగుతున్నవాళ్లని వాళ్లు వచ్చిన దారిలోనే వెనక్కి తిప్పుతుంది మరి.

రెండోది డెకాయ్. లోపలి సెంటర్ గట్టిగా సందులోకి పరిగెడతాడు. బంతి అతని వీపు వెనకగా బయటి సెంటర్‌కో ఫుల్‌బ్యాక్‌కో వెళ్తుంది. దీని జంట, ఆ సందులోకి వెళ్లేవాడికే చిన్న పాస్ ఇవ్వడం. డెకాయ్‌గా పరిగెత్తేవాడు తనకే బంతి వస్తుందని నమ్మి పరిగెత్తాలి, చేతులు పైకి ఉండాలి. ఊరికే ఖాళీ చేతులతో జాగింగ్ చేస్తే ఎవరూ నమ్మరు.

హెచ్చరిక: బంతి లేని డెకాయ్ వెళ్లి డిఫెండర్‌ని గుద్దినా, అతని దారికి అడ్డుపడినా రిఫరీ పెనాల్టీ ఇస్తాడు. ఇద్దరి మధ్యలోంచి వెళ్లడం అలవాటు చేయండి.

7. టాకిల్‌తో బంతి ఆగిపోకూడదు

టాకిల్ పడుతూ బంతిని తోటివాడికి అందించడమే ఆఫ్‌లోడ్. ఫిజీ జట్లు దీన్ని కళగా మార్చాయి. 2016 రియోలోనూ, ఆ తర్వాత టోక్యోలోనూ ఒలింపిక్ సెవెన్స్ స్వర్ణాలు గెలిచిన ఫిజీ పురుషుల జట్ల ఆటలో ఇది కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. మీవాళ్లకి ఒక్క షరతు పెట్టండి: చేతులు విడిగా ఉండాలి, తోటివాడు కంటికి కనిపించాలి. రెండిట్లో ఒక్కటి లేకపోయినా బంతి గుండెకి హత్తుకుని పడిపోవాలి.

చేత్తో డిఫెండర్‌ని నెట్టడం తెరిచిన అరచేతితో అయితే తప్పు కాదు. మోచేయి ముందుకి పెట్టి గుద్దితే కార్డు పడుతుంది.

8. కిక్ ఉందన్న భయం పెట్టండి

ఎక్కువ కిక్‌లు అక్కర్లేదు. మ్యాచ్ మొదట్లోనే ఒకటి రెండు చాలు. మీదకి ఉరికే డిఫెన్స్ వెనక నేల మీద దొర్లేలా ఒక చిన్న కిక్ పడితే, తర్వాతి సారి వాళ్లు అంత గుడ్డిగా ఉరకరు. తరిమేవాళ్లు కిక్ కొట్టేవాడికన్నా వెనక నుంచి బయల్దేరాలి, లేదంటే ఆఫ్‌సైడ్.

50:22 రూల్‌ని కూడా వాడుకోండి. 2021లో ప్రయోగంగా వచ్చి 2022లో స్థిరపడింది. మీ సగంలోంచి కొట్టిన బంతి గ్రౌండ్‌లో పిచ్ పడి, ఎదుటివాళ్ల 22 మీటర్ల గీత లోపల టచ్‌లోకి (టచ్‌లైన్ బయటికి) వెళ్తే లైనవుట్‌లో బంతి వేసేది మీరే. అయితే అంతకుముందు బంతిని మీరే అవతలి సగంలోంచి మీ సగంలోకి తెచ్చుకుని ఉండకూడదు. ఈ కిక్ కొట్టగలవాడు మీ జట్టులో ఉన్నాడని తెలిస్తే ఎదుటి వింగర్లు వెనకే ఉండిపోతారు. ముందు వరసలో మీకు చోటు పెరుగుతుంది.

9. బయటివాళ్లు మాట్లాడాలి

బంతి చేతిలో ఉన్నవాడికి ఎదురుగా వచ్చేవాడు తప్ప ఏమీ కనిపించదు. ఖాళీ ఎక్కడుందో కనిపించేది వింగర్లకి, ఫుల్‌బ్యాక్‌కి. వాళ్లు అరిచి చెప్పాలి. మూడే మాటలు పెట్టుకోండి: "బయట", "లోపల", "కిక్". వింగర్ నుంచి సెంటర్‌కి, సెంటర్ నుంచి ఫ్లై హాఫ్‌కి ఆ మాట అందాలి. మౌనంగా ఉండే వింగర్‌ని ప్రాక్టీస్‌లో ఆట ఆపి అడగండి: "ఇప్పుడు ఖాళీ ఎక్కడుంది?" రెండు వారాల్లో తనే చెప్పడం మొదలుపెడతాడు.

ఫలితం ఎలా చూసుకోవాలి

ట్రైలు లెక్కపెట్టకండి. బలహీనమైన జట్టు మీద ఎవరైనా ట్రైలు చేస్తారు. ఫోన్‌ని ట్రై లైన్ వెనక ఎత్తైన చోట పెట్టి మ్యాచ్ తీయండి. పక్కనుంచి తీస్తే సందులు కనిపించవు. బ్యాక్స్ దాడి చేసిన ప్రతిసారీ నాలుగు చోట్ల వీడియో ఆపి చూడండి:

- బంతి పట్టుకున్న క్షణంలో ఆటగాడు పరుగులో ఉన్నాడా? ఎక్కువసార్లు లేకపోతే 2వ స్టెప్‌కి వెళ్లండి.
- వింగర్‌కి బంతి అందినప్పుడు టచ్‌లైన్‌కి ఎంత దూరంలో ఉన్నాడు? 5 మీటర్ల కన్నా తక్కువైతే లోపల ఎవరో పక్కకి పరిగెత్తారు. అది ఎవరో వీడియోలో వెనక్కి వెళ్లి చూడండి. సాధారణంగా ఫ్లై హాఫ్ లేదా లోపలి సెంటర్. 3వ స్టెప్.
- పాస్ ఇచ్చాక ఆ డిఫెండర్ ఎటు వెళ్లాడు? బంతి వెంట వెళ్లి రెండోవాడిని పట్టుకున్నాడంటే 4వ స్టెప్.
- పాస్‌కి ముందు డిఫెండర్ల కాళ్లు ఏం చేస్తున్నాయి? ధీమాగా ముందుకే వస్తుంటే మీ మూవ్‌ని ఎవరూ నమ్మలేదు. 5, 6 స్టెప్‌లు చూడండి. ఒక్కడైనా తటపటాయించి మడమల మీద ఆగితే మూవ్ పనిచేసింది, ట్రై రాకపోయినా సరే.

ఒక మ్యాచ్‌లో కనిపించిన తప్పుల్లో ఒక్కటే ఎంచుకుని ఆ వారమంతా దానిమీదే పనిచేయండి. నాలుగూ ఒకేసారి సరిదిద్దబోతే ఆటగాళ్లు ఆలోచనలో పడి నెమ్మదిస్తారు. ఏది ముందో తేలకపోతే 3వ స్టెప్ ఎంచుకోండి. ఫ్లై హాఫ్ నేరుగా పరిగెత్తడం మొదలుపెట్టగానే బయట ఉన్నవాళ్ల తప్పుల్లో సగం వాటంతటవే తగ్గిపోతాయి.